తెర లేవకముందు

సంస్కృత నాటకం నేరుగా కథతో ప్రారంభం కాదు. వాద్యాల అమరిక, నాంది, సూత్రధారుని ప్రవేశం మొదలైన అంగాలతో కూడిన పూర్వరంగం ముందుగా జరుగుతుంది. ఆ అంగాలలో 'ప్రరోచన' ఒకటి. ప్రదర్శింపబోయే నాటకాన్ని, దానిని రచించిన కవిని ప్రశంసించి, సభలో ఆసీనులైనవారికి నాటకంపట్ల ఆసక్తి కలిగించడం దాని ప్రయోజనం. నాట్యశాస్త్రంలో భరతుడు దీనికి ప్రత్యేకంగా స్థానం కల్పించాడు. సినిమా విడుదలకు ముందు వచ్చే ట్రైలర్ ఈ కాలంలో చేస్తున్న పని ఇదే. పేరు పరభాషలోనిదైనా, పని మాత్రం ఈ దేశపు రంగస్థలానికి కొత్తది కాదు.

అయితే ఆనాటి ప్రరోచనకు ఒక నియతమైన చోటు ఉండేది. నాటకం జరిగే రంగస్థలం మీదనే, అప్పటికే వచ్చి కూర్చున్న సామాజికుల ఎదుటనే అది జరిగేది. సూత్రధారుడు ఎంత గొప్పగా చెప్పినా, మరికొంత సేపటికే నాటకం ఆ మాటను నిలబెట్టేది, లేదా పడగొట్టేది. ట్రైలర్ ప్రస్థానం ఇందుకు భిన్నమైనది. అది థియేటర్‌లో పుట్టి, రేడియోలోకి, ఇంటి టెలివిజన్‌లోకి, చివరకు అరచేతిలోని ఫోనులోకి చేరింది. చోటు మారిన ప్రతిసారీ దానికీ ప్రేక్షకునికీ గల సంబంధం కూడా మారింది. ఈ మార్పులో ప్రేక్షకునికి కలిగిన లాభం అందరికీ కనిపించేదే. పోయినదేమిటో కొంత పరిశీలిస్తే తప్ప తెలియదు.

'ట్రైలర్' అంటే వెనుక ఈడ్చుకొనిపోబడేది అని అర్థం. ట్రాక్టరు వెనుక తగిలించే బండికి తెలుగు రైతులు ఈ మాటనే వాడుతారు. 1913లో అమెరికాలో మార్కస్ లోవ్ థియేటర్ల ప్రచార బాధ్యతలు చూసిన నిల్స్ గ్రాన్‌లండ్, ఒక సంగీత నాటకం కోసం రూపొందించిన చిన్న చిత్రాన్ని తొలి ట్రైలర్‌గా చలనచిత్ర చరిత్రకారులు పేర్కొంటారు. ఆ తొలినాళ్ళలో ఇటువంటి ప్రచారచిత్రాలను అసలు సినిమా పూర్తయిన తరువాత వేసేవారు. సినిమా అయిపోగానే జనం లేచి వెళ్ళిపోతారు కనుక, క్రమంగా వాటిని సినిమాకు ముందుకు తెచ్చారు. ఈ విధంగా తోక వచ్చి తల స్థానంలో కూర్చున్నది. పేరు మాత్రం తోకకు పెట్టినదే మిగిలిపోయింది.

తెలుగు నేలపై ట్రైలర్ కంటె ముందునుంచీ సినిమాను జనం వద్దకు మోసుకొనిపోయినవి వేరే ఉన్నాయి. గోడపత్రికలు, రంగు కాగితాలపై అచ్చువేసిన కరపత్రాలు, మైకు కట్టుకొని ఊరంతా తిరిగే జట్కాలు, రిక్షాలు ఆ పని చేసేవి. వీటన్నింటిలోకి పాటల పుస్తకం విశిష్టమైనది. థియేటర్ ఆవరణలో స్వల్పధరకు అమ్మే ఆ నాలుగు పేజీల పుస్తకంలో పాటలతోపాటు కథాసంగ్రహం కూడా ఉండేది. నాయికా నాయకులకు ఎడబాటు కలిగినచోటనో, దుష్టుని పన్నాగం ఫలించిన చోటనో కథను ఆపి, శేషభాగాన్ని వెండితెరపై చూడవలసిందిగా సూచించేవారు. ఈ వాక్యాన్ని చదివి నవ్వుకొన్నవారు చాలామంది ఉంటారు. కాని కథను ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిసిన రచయితలు ఆ పేరులేని సంగ్రహాలను వ్రాశారన్నది నిజం. ఈనాటి ట్రైలర్లలో కొన్ని రెండున్నర నిమిషాలలో పతాక సన్నివేశం దాకా చూపించి వేస్తున్నాయి. వాటిని కూర్చేవారు ఆ పాత పుస్తకాలను ఒకసారి తిరగవేయడం మంచిది.

థియేటర్‌లో ట్రైలర్‌కు ముందు నడిచింది స్లైడు. 'రాబోవు చిత్రం' అనే అక్షరాలతో గాజుపలకపై ఒక బొమ్మ కొద్ది క్షణాలు తెరపై నిలిచేది. ట్రైలర్ వచ్చిన తరువాత న్యూస్ రీలుకూ అసలు సినిమాకూ మధ్యనో, విశ్రాంతి ముగిసిన వెంటనేనో దానిని వేసేవారు. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని పంపిణీ ప్రాంతాలు విభజింపబడి ఉండేవి. విజయవాడ గాంధీనగరం వంటిచోట్ల ఉండే పంపిణీదారుల కార్యాలయాల నుంచి రీళ్ళ పెట్టెలు బస్సులలో, రైళ్ళలో ఊళ్ళకు చేరేవి. ఆ పెట్టెతోపాటే ట్రైలర్ కూడా వచ్చేది. పట్టణంలో చూసిన ట్రైలర్ పల్లెకు చేరేసరికి వారాలు గడిచేవి. ఎన్నో యంత్రాలలో తిరిగి తిరిగి గీతలు పడిన ఆ ముక్కనే అక్కడివారు మొదటిసారిగా చూసేవారు.

ఆ ఆలస్యాన్ని ఎవరూ కోరుకోరు. కాని ఆ పద్ధతిలో రెండు విశేషాలున్నాయి. భక్తి చిత్రం చూడవచ్చిన కుటుంబానికి వచ్చేవారం రాబోయే అపరాధ పరిశోధన చిత్రపు ట్రైలర్ కనిపించేది. తమకు నచ్చుతుందని తామే ఎరుగని దానిని ప్రేక్షకులు యాదృచ్ఛికంగా కలుసుకొనేవారు. రెండవది, ట్రైలర్ వేసినప్పుడు హాలులో ఏమి జరిగిందో అందరికీ తెలిసేది. ఈల వేస్తే వినబడేది. మౌనంగా ఉండిపోతే ఆ మౌనమూ వినబడేది. తలుపు దగ్గర నిలబడిన థియేటర్ యజమానికి మరుసటి వారం వ్యాపారం ఎలా ఉండబోతుందో ఆ రెండు నిమిషాలలో కొంత అర్థమయ్యేది. ప్రేక్షకుడు కూడా పక్కవాని ముఖం చూసి తన అభిప్రాయాన్ని సరిచూసుకొనేవాడు.

1967లో వివిధభారతి వాణిజ్య ప్రకటనలకు అవకాశమిచ్చిన తరువాత సినిమా ప్రచారం ఆకాశమార్గం పట్టింది. ప్రాయోజిత కార్యక్రమాలలో సంభాషణలు, పాటల ముక్కలు కలిపి వినిపించేవారు. దృశ్యం లేని ట్రైలర్ అది. వినేవారే తమ మనసులలో దృశ్యాన్ని కల్పించుకొనేవారు. 1995లో ఈటీవీ, జెమినీ వంటి తెలుగు ప్రైవేటు ఛానళ్ళు వచ్చిన తరువాత ట్రైలర్ ఇంట్లోకి ప్రవేశించింది. డబ్బిచ్చి టికెట్టు కొన్నవారికి మాత్రమే కనబడిన వస్తువు, భోజనం చేస్తున్నవారి ముందుకు పిలవకుండానే వచ్చి నిలబడింది. దీని గురించి విస్తరించవలసినది పెద్దగా లేదు. అసలైన మార్పు ఆ తరువాతిది.

యూట్యూబ్ 2005లో ఆరంభమై 2008లో భారతదేశంలో ప్రత్యేకంగా ప్రవేశించింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై, డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయిన తరువాత గ్రామాలలోని యువకుల చేతులలోకి కూడా ఈ దృశ్యప్రవాహం వచ్చింది. 2017 మార్చి 16న 'బాహుబలి' రెండవ భాగం ట్రైలర్‌ను తెలుగు రాష్ట్రాలలోని అనేక థియేటర్లలో ప్రదర్శించి, అదే రోజు అంతర్జాలంలోనూ విడుదల చేశారు. అమెరికాలోని డల్లస్‌లో ఉన్న తెలుగువాడూ, తెనాలిలో ఉన్న అతని తమ్ముడూ ఒకే గంటలో దానిని చూడగలిగారు. పెట్టె రాకకోసం వారాల తరబడి ఎదురుచూసిన పల్లెకు ఇది చిన్న న్యాయం కాదు. తారలెవరూ లేని 'కేరాఫ్ కంచరపాలెం' వంటి చిత్రపు ట్రైలర్‌కూ, వందల కోట్ల చిత్రపు ట్రైలర్‌కూ చిరునామా ఒక్కటే కావడం కూడా అటువంటిదే. థియేటర్‌లోను, టెలివిజన్‌లోను కాలానికి వెల కట్టవలసివచ్చే చిన్న నిర్మాతకు ఈ ద్వారం ఉచితంగా తెరుచుకొన్నది.

ట్రైలర్ ఎక్కడైనా చూడగల కాలంలో, దానిని ఎక్కడ విడుదల చేయాలన్న ప్రశ్నకు విలువ తగ్గవలసింది. జరిగింది ఇందుకు విరుద్ధం. 2022 అక్టోబరు 2న 'ఆదిపురుష్' టీజర్‌ను అయోధ్యలో సరయూనదీ తీరాన విడుదల చేశారు. 2023 జూలైలో 'కల్కి 2898 ఏడీ' తొలి దృశ్యాలు అమెరికాలోని శాన్ డియాగో కామిక్ కాన్ వేదికపై వెలువడ్డాయి. 2024 నవంబరు 17న 'పుష్ప' రెండవ భాగం ట్రైలర్ బీహారు రాజధాని పాట్నాలోని గాంధీ మైదానంలో విడుదలైంది. శేషాచలం అడవుల ఎర్రచందనం చుట్టూ అల్లిన తెలుగు కథకు గంగాతీరంలో అంత జనసమూహం చేరడం యాదృచ్ఛికం కాదు. ఆ చిత్రపు మొదటి భాగం 2021లో హిందీలో సాధించిన విజయం దానికొక కారణం. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా హిందీలోకి అనువదింపబడిన తెలుగు చిత్రాలు టెలివిజన్‌లోను, యూట్యూబ్‌లోను ఆ ప్రాంతపు ఇళ్ళలోకి చేరి ఉండడం మరొక కారణం. అనువాద చిత్రాలంటే తెలుగువారికే ఒకప్పుడు కొంత చులకన ఉండేది. ఆ చులకన చేయబడినవే ఉత్తరాదిన దారి పరిచాయి.

చోటు ఇక్కడ ఒక సందేశంగా మారింది. అయోధ్యలో విడుదల చేయడమంటే చిత్రానికి పవిత్రతను ఆపాదించడం. పాట్నాలో విడుదల చేయడమంటే ఇది తెలుగువారి చిత్రం మాత్రమే కాదని చాటడం. ట్రైలర్‌లో ఏమున్నదో చూడకముందే ఈ మాట జనానికి చేరిపోతుంది. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. కాని విడుదల వేడుక కలిగించిన గౌరవభావాన్ని చిత్రానికి ఉన్న గుణంగా భ్రమించే అవకాశం ఉన్నది. 'ఆదిపురుష్' విషయంలో ప్రేక్షకులు ఆ భ్రమకు లోను కాలేదు. సరయూ తీరపు వేడుక ముగిసిన మరునాటి నుంచే గ్రాఫిక్స్‌పై విమర్శలు వెల్లువెత్తాయి. 2023 జనవరిలో రావలసిన ఆ చిత్రాన్ని మరింత పనిచేయవలసి ఉన్నదంటూ జూన్‌కు వాయిదా వేశారు. రీళ్ళ పెట్టెల కాలంలో ప్రేక్షకుని అసమ్మతి నిర్మాతను ఇంత త్వరగా చేరడం అసాధ్యం.

అసమ్మతి చేరినంత స్పష్టంగా సమ్మతి చేరుతున్నదా అన్నది వేరొక ప్రశ్న. ట్రైలర్ విడుదలైన మరునాడు పత్రికలలో, పోస్టర్లలో '24 గంటలలో ఇన్ని లక్షల వీక్షణలు' అనే ప్రకటన వెలువడుతుంది. ఆ అంకెను జనాభిప్రాయంగా స్వీకరించడం అలవాటైపోయింది. ఆ అంకెలో మెచ్చినవాడూ, మెచ్చనివాడూ, ఒకే ట్రైలర్‌ను పదిసార్లు చూసిన అభిమానీ కలిసి ఉంటారు. హాలులో వినబడిన మౌనానికి ఇక్కడ చోటు లేదు. నిరాశతో చూసిన చూపు కూడా వీక్షణల సంఖ్యను ఒకటి పెంచుతుంది. అంతేకాక ట్రైలర్‌ను వేరొక దృశ్యానికి ముందు వాణిజ్య ప్రకటనగా చొప్పించి, ప్రేక్షకుడు కొన్ని క్షణాలు దాటవేయకుండా ఉంటే దానిని కూడా వీక్షణగా లెక్కించే పద్ధతి ఉన్నది. 2019లో ఒక హిందీ పాట ఒక్కరోజులో సాధించిన వీక్షణలపై వివాదం చెలరేగిన పిమ్మట, సంగీత దృశ్యాల 24 గంటల రికార్డులలో డబ్బు చెల్లించిన ప్రకటనల ద్వారా వచ్చిన వీక్షణలను లెక్కించబోమని యూట్యూబ్ ప్రకటించింది. వీక్షణలన్నీ ఒక జాతివి కావని ఆ సంస్థయే అంగీకరించినట్లయింది.

ఇంతకంటె సూక్ష్మమైనది మరొకటి ఉన్నది. ఫోను ప్రతి వ్యక్తి అభిరుచినీ గమనించి, అతనికి నచ్చగలదని తోచిన ట్రైలర్‌నే ముందుకు తెస్తుంది. పోరాట చిత్రాలు చూసే యువకునికి మళ్ళీ పోరాట చిత్రమే ఎదురవుతుంది. భక్తి చిత్రానికి వచ్చి అపరాధ పరిశోధనను కలుసుకొన్న కుటుంబానికి కలిగిన అవకాశం అతనికి కలగడం అరుదు. చిన్న చిత్రానికి ద్వారం తెరిచే ఉన్నది. కాని ఆ ద్వారం ఏ వీధిలో ఉన్నదో చూపేవారు లేరు. విద్యార్థులు తమకు తెలియకుండానే ఈ వ్యవస్థలో ప్రేక్షకులుగాను, జీతం లేని ప్రచారకులుగాను రెండు పాత్రలు నిర్వహిస్తున్నారు. అర్ధరాత్రి వరకు మేల్కొని ట్రైలర్‌ను పదుగురికి పంపే అభిమాని, ఒకనాటి రిక్షాలో మైకు పట్టుకొన్న మనిషి చేసిన పనినే చేస్తున్నాడు. ఆ మనిషికి మాత్రం రోజుకూలి ముట్టేది.

ఇంత విస్తృతంగా ప్రచారమయ్యే ట్రైలర్ ఇచ్చే మాటకు బాధ్యత ఎవరిది? థియేటర్‌లో వేసే ట్రైలర్‌కు సెన్సారు ధ్రువపత్రం ఉండాలి. అంతర్జాలంలో విడుదలయ్యే దానికి ఆ నిబంధన వర్తించదు. మాట తప్పడం గురించిన వివాదం ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016లో వచ్చిన 'ఫ్యాన్' అనే హిందీ చిత్రపు ప్రచారంలో విరివిగా వినిపించిన ఒక పాట అసలు చిత్రంలో లేదు. ఆ పాటకోసం కుటుంబంతో వెళ్ళి నిరాశచెందిన మహారాష్ట్రకు చెందిన ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించగా, ఆమెకు 10,000 రూపాయల పరిహారం, 5,000 రూపాయల ఖర్చులు చెల్లించవలసిందిగా తీర్పు వచ్చింది. నిర్మాణసంస్థ అప్పీలుకు వెళ్ళింది. 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ప్రచారచిత్రం ప్రేక్షకుని టికెట్టు కొనేటట్లు ప్రోత్సహించేది మాత్రమేననీ, అందులో కనిపించినదంతా చిత్రంలో ఉంటుందన్న ఒప్పందం దానివల్ల ఏర్పడదనీ న్యాయస్థానం అభిప్రాయపడింది.

తీర్పు న్యాయసమ్మతమైనదే. ట్రైలర్‌లోని ప్రతి దృశ్యమూ ఒప్పందమైతే, కూర్పరి చిత్రానికి అవసరం లేదని తోచిన దృశ్యాన్ని చివరి వారంలో తీసివేయడానికి వీలులేకపోతుంది. కళకు అటువంటి సంకెల తగదు. కాని ఆ ప్రేక్షకురాలి నిరాశను అల్పమైనదిగా తోసిపుచ్చడం కూడా తగదు. సూత్రధారుడు చెప్పిన మాట రంగస్థలంపై జరగకపోతే, అతడు సామాజికుల ముఖం చూడవలసి వచ్చేది. ట్రైలర్ కూర్చినవాడు ఆమెను ఎన్నడూ చూడడు.

కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం' ప్రస్తావనలో ఒక చిన్న సంవాదం ఉన్నది. భాసుడు, సౌమిల్లుడు, కవిపుత్రుడు వంటి ప్రసిద్ధులుండగా జీవించి ఉన్న కాళిదాసు నాటకంపై ఇంత ఆదరమెందుకని సూత్రధారుని సహచరుడు ప్రశ్నిస్తాడు. ప్రాచీనత ఒక్కటే గుణానికి కొలత కాదనీ, వివేకులు పరీక్షించి గ్రహిస్తారనీ సూత్రధారుడు బదులిస్తాడు. సభలోనివారికి కలుగగల సందేహాన్ని కవి తన ప్రచారంలోనే పలికించి, పరీక్షించే పనిని వారికే అప్పగించాడు. తనను తాను పొగడుకోవలసిన చోట తనపై ప్రశ్నను నిలపడానికి ధైర్యం కావాలి. 'చరిత్రలో మునుపెన్నడూ లేనిది' అని ప్రతి శుక్రవారం ప్రకటించే ప్రచారకర్తలు ఆ ప్రస్తావనను చదివినట్లు తోచదు.

ట్రైలర్ తాను పుట్టిన థియేటర్‌లో ప్రస్తుతం ఎటువంటి ఆదరణ పొందుతున్నదో చూస్తే చిత్రమైన దృశ్యాలు కనిపిస్తాయి. బెంగళూరులో ఒక ప్రేక్షకుడు 2023 డిసెంబరులో ఒక మల్టీప్లెక్స్‌లో సినిమాకు వెళ్ళాడు. సాయంత్రం 4 గంటల 5 నిమిషాలకు మొదలు కావలసిన చిత్రం, ప్రకటనలు, ట్రైలర్లు ముగిసి 4 గంటల 30 నిమిషాలకు మొదలైంది. తన కాలం వృథా అయిందని అతడు వేసిన కేసులో 2025 ఫిబ్రవరిలో వినియోగదారుల కమిషన్ అతనికి అనుకూలంగా తీర్పు చెప్పింది. మరుసటి నెలలో కర్ణాటక హైకోర్టు దాని అమలును నిలిపివేసింది. న్యాయస్థానాల నిర్ణయం ఎలా ఉన్నా, ఒకనాడు సినిమాతోపాటు కొసరుగా దొరికిన ట్రైలర్‌ను ఈనాడు కొందరు కాలహరణంగా భావిస్తున్నారన్నది స్పష్టం. ఫోనులో అప్పటికే చూసిన దానిని హాలులో మళ్ళీ చూడవలసి రావడం ఇందుకు ముఖ్య కారణం.

మరొకవైపు 2021 మార్చి 29న విశాఖపట్నంలో 'వకీల్ సాబ్' ట్రైలర్‌ను థియేటర్‌లో ప్రదర్శించినప్పుడు జనం తోసుకొని రావడంతో అద్దాల తలుపు పగిలింది. 2023 అక్టోబరులో చెన్నైలోని ఒక థియేటర్‌లో తమిళ చిత్రం 'లియో' ట్రైలర్ వేసిన తరువాత చూస్తే కుర్చీలు విరిగి ఉన్నాయి. సినిమా లేదు, ఉన్నది రెండు మూడు నిమిషాల ట్రైలర్ మాత్రమే. ఆ ధ్వంసాన్ని ఎవరూ సమర్థించరు. అయితే ఆ యువకులలో చాలామంది జేబులలో ఫోనులున్నాయి. ట్రైలర్ చూడడమే వారి కోరిక అయితే ఇంటివద్దనే కూర్చుని చూడవచ్చు. వారు ఎండలో నిలబడి, తలుపులు తోసుకొని వచ్చింది పదిమంది నడుమ చూడడానికి, తాము వేసిన ఈలకు పక్కవరుసలో నుంచి మరొక ఈల బదులుగా రావడాన్ని వినడానికి. వీక్షణల లెక్కలో ఆ హాలు చేరలేదు.